ముడుమాల్ నిలువురాళ్లు

తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో, కృష్ణా నది ఒడ్డున ఉన్న ఊరు ముడుమాల్. ఇక్కడి చేలల్లో 10 నుంచి 14 అడుగుల ఎత్తున నిటారుగా నిలిచిన గ్రానైట్ రాళ్లు సుమారు 80 ఉన్నాయి. వాటితోపాటు వరుసలు తీర్చి పాతిన చిన్న రాళ్లు మూడు వేల దాకా ఉంటాయి. పురావస్తు శాస్త్రం వీటిని మెన్హిర్లు అంటుంది. తెలుగువారికి ఇవి నిలువురాళ్లు. వీటి వయసు 3500 ఏళ్లకు పైమాటేనని పరిశోధకుల అంచనా.

దక్కన్‌లో మనుషులు ఇలాంటి పెద్ద రాళ్లతో కట్టడాలు కట్టిన కాలాన్ని బృహత్ శిలాయుగం అంటారు. ఆ కట్టడాల్లో ఎక్కువ భాగం సమాధులే. గుండ్రంగా రాళ్లు పేర్చి మధ్యలో గుంత తవ్విన సమాధులు ఒక రకం. నాలుగు వైపులా బండలు నిలిపి, పైన మరో బండ కప్పిన గూళ్లు ఇంకో రకం. మనిషి ఎత్తలేని ఆ బండలు చూసి పల్లె జనం వాటికి రాకాసి గుళ్లని పేరు పెట్టారు. సమాధుల లోపల ఎముకలు, నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప పనిముట్లు దొరుకుతాయి. హైదరాబాద్ దగ్గరి మౌలాలిలో, ములుగు జిల్లా దామరవాయిలో ఇటువంటి సమాధులున్నాయి. సిద్దిపేట జిల్లా నర్మెటలో 2017లో తవ్వకాలు జరిపినప్పుడు ఒక సమాధి మీది కప్పు బండ బరువే 40 టన్నులకు పైగా ఉందని తేలింది.

చాలాచోట్ల నిలువురాయి ఒంటరిగా, ఒక సమాధికి గుర్తుగా కనిపిస్తుంది. ముడుమాల్‌లో రాళ్లు వరుసలు కట్టి ఉంటాయి. ఈ అమరిక అరుదైనదే అయినా, కృష్ణా పరీవాహకంలో ఇది ఒక్కటే కాదు. కర్ణాటకలోని యాదగిరి జిల్లా విభూతిహళ్లిలోనూ ఇలాంటి వరుసలున్నాయి. సురపురంలో పనిచేసిన ఆంగ్లేయ అధికారి మెడోస్ టేలర్ 19వ శతాబ్దం మధ్యలోనే ఆ ప్రాంతపు రాతి కట్టడాలను వివరంగా రాశాడు. దక్షిణ హైదరాబాద్ ప్రాంతపు రాతి వరుసలపై ఎఫ్.ఆర్. ఆల్చిన్ 1956లో ఒక వ్యాసం ప్రచురించాడు. ముడుమాల్‌ను ఏళ్ల తరబడి పరిశీలించినవారు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన కె.పి. రావు.

ఆయన పరిశోధన ప్రకారం ఈ వరుసలకూ సూర్యుడి నడకకూ సంబంధం ఉంది. సూర్యుడు ఏడాది పొడుగునా ఒకేచోట ఉదయించడు. మార్చి, సెప్టెంబర్ నెలల్లో పగలూ రాత్రీ సమానమైన రోజుల్లో సరిగ్గా తూర్పున పొడుస్తాడు. జూన్ 21 ప్రాంతంలో ఉత్తరపు చివరకు, డిసెంబర్ 21 ప్రాంతంలో దక్షిణపు చివరకు చేరి వెనక్కి మళ్లుతాడు. ఆ ప్రత్యేక దినాల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు కొన్ని వరుసలు సూటిగా ఉన్నాయని ఆయన చూపారు. జూన్ మలుపు తొలకరి రోజుల్లోనే వస్తుంది. వానను నమ్ముకుని సేద్యం చేసే జనానికి రోజుల లెక్క అవసరమే.

అక్కడే ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. వాటిలో కొన్నింటి అమరిక సప్తర్షి మండలాన్ని పోలి ఉంది. ఆ మండలంలోని రెండు చుక్కల గుండా గీత గీస్తే అది ధ్రువ నక్షత్రం వైపు, అంటే ఉత్తరం వైపు చూపుతుంది. పగటి సూర్యుణ్నే కాక రాత్రి ఆకాశాన్నీ ఇక్కడి జనం గమనించారనడానికి దీన్ని ఆధారంగా చెబుతారు.

ముడుమాల్ జనం ఈ రాళ్లను నిలువురాళ్ల తిమ్మప్పగా కొలుస్తారు. ఒక రాయి ఎల్లమ్మగా పూజలందుకుంటోంది. ఎవరు, ఎందుకు పాతారో మరపున పడినా, రాయి మీది గౌరవం తరగలేదు.

2025 మార్చిలో ముడుమాల్ నిలువురాళ్లు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. 2021లో గుర్తింపు పొందిన రామప్ప గుడి సరసన నిలవడానికి ఇది మొదటి మెట్టు. అయితే గుడికీ ఈ చోటుకూ ఒక తేడా ఉంది. గుడిలోని శిల్పాన్ని మ్యూజియంలో పెట్టినా దాని చెక్కడం చెక్కుచెదరదు. నిలువురాయి మీద చెక్కడం లేదు, శాసనం లేదు. దాని అర్థమంతా అది నిలిచిన చోటులో, పక్క రాయికి ఉన్న దూరంలో, అది చూసే దిక్కులో ఉంది. చేను చదును చేయడానికో, గట్టు వేయడానికో మోకాలెత్తు రాయిని పెకలిస్తే ఆ వరుస లెక్కే తప్పుతుంది. అందుకే ముడుమాల్‌లో 14 అడుగుల రాయికి ఇచ్చే రక్షణే చిన్న రాయికీ అందాలి.