గోదావరి సినిమా ఒక జానరేనా?

‘గోదావరి బ్యాక్‌డ్రాప్’ అన్న మాటను తెలుగు సినిమావాళ్ళు ఒక కోవ పేరులాగే వాడతారు. పౌరాణికం, జానపదం, సాంఘికం పక్కన దాన్నీ నిలబెడతారు. మొదటి మూడు పేర్లూ కథ ఎలాంటిదో చెబుతాయి. నాలుగోది మాత్రం కెమెరా ఎక్కడ పెట్టారో చెప్పి ఊరుకుంటుంది. రాజమహేంద్రవరం పరిసరాల్లోనో కోనసీమలోనో తీసినంత మాత్రాన ఒక సినిమాకు మరో సినిమాతో చుట్టరికం కలుస్తుందా అన్నది ఇక్కడి ప్రశ్న. చరిత్రను బట్టి చూస్తే గోదావరి సినిమాలన్నీ కలిసి ఒక జానర్ కావు. అయితే ఆ గుంపు మధ్యలో నిజమైన జానర్ ఒకటి, చిన్నదే, ఉంది. పడవ, రేవు, ఏరు తీసేస్తే కథే మిగలని సినిమాలు అందులోకి వస్తాయి.

చిత్రీకరణ స్థలానికి కథ మీద ఎంత పట్టు ఉంటుందో మొదటి అడుగులోనే తెలుస్తుంది. 1936లో నిడమర్తి సూరయ్య రాజమహేంద్రవరంలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టారు. ఆంధ్ర ప్రాంతంలో అదే మొదటి స్టూడియో. అక్కడ తయారైన ‘సంపూర్ణ రామాయణం’ పౌరాణికమే. మద్రాసులో తీసినా, కలకత్తాలో తీసినా పౌరాణికమే అయ్యేది. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’లో చాలా భాగం గోదావరి ప్రాంతంలోనే తీశారు. సంగీత విద్వాంసుడి ఆత్మాభిమానం మీద నడిచే ఆ కథ కావేరి ఒడ్డునా అంతే బలంగా నిలబడుతుంది. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఉన్న నిద్రగన్నేరు చెట్టు కింద ఎన్ని సినిమాలు తీశారంటే, జనం దానికి ‘సినిమా చెట్టు’ అని పేరే పెట్టారు. ఆ చెట్టు 2024 ఆగస్టు 5న కూలిపోయింది. దాని నీడలో తీసిన సినిమాలను ఒక వరసలో పేరిస్తే కుటుంబ కథలు, ప్రేమ కథలు, పగల కథలు అన్నీ తగులుతాయి. వాటిలో ఉమ్మడిగా ఉన్నది ఆ చెట్టొక్కటే.

1964 నాటి ‘మూగ మనసులు’ దగ్గర సంగతి మారుతుంది. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు రాజమహేంద్రవరం మనిషి. రచనలో పాలుపంచుకున్న ముళ్ళపూడి వెంకటరమణ ధవళేశ్వరంలో పుట్టినవారు. జమీందారు కూతుర్ని రోజూ ఏరు దాటించే పడవవాడు గోపి. వాళ్ళ చనువు పెరిగేది ఆ పడవలోనే, చివరికి ప్రాణాలు పోయేదీ ఆ నదిలోనే. ఇక్కడ ఓ అభ్యంతరం రావచ్చు. ఇదే కథను ఆదుర్తి 1967లో ‘మిలన్’గా హిందీలో తీశారు, 1971లో సావిత్రి ‘ప్రాప్తం’గా తమిళంలో తీశారు, గోదావరి లేకుండానే నడిచిన కథ గోదావరి జానర్ ఎలా అవుతుంది? అభ్యంతరం సరైనదే, కానీ అది కొట్టేది పేరునే, విషయాన్ని కాదు. మూడు భాషల్లోనూ పడవవాడు పడవవాడిగానే ఉన్నాడు. అతన్ని జట్కా తోలేవాడిగా మార్చలేకపోయారు. కథ మార్చుకోగలిగింది ఏ నది అన్నదే, నదిని వదులుకోలేకపోయింది. దీనికి ఎదురుగా 1967లోనే బాపు తొలి చిత్రం ‘సాక్షి’ని పెట్టి చూడాలి. పులిదిండిలో, ఊరి వాతావరణంలో తీసిన ఆ సినిమాలో నాయకుడు పడవవాడే. అయినా హత్యకు సాక్ష్యం చెప్పినవాణ్ణి ఊరంతా ఒంటరిగా వదిలేయడమన్న ఇతివృత్తం ‘హై నూన్’ అనే అమెరికన్ వెస్టర్న్‌కు దగ్గరది, ఏ ఊళ్ళోనైనా జరగగలది. పడవ కనిపించినంత మాత్రాన సరిపోదని ‘సాక్షి’ చెబుతుంది. అంత మంచి సినిమాను ఈ కోవలోంచి తీసేయడం కొందరికి నచ్చకపోవచ్చు. కోవలో లేకపోవడం దానికేమీ తక్కువ కాదు.

ఈ జానర్ పూర్తి రూపం 1973లో బాపు-రమణలు తీసిన ‘అందాల రాముడు’. రాజమహేంద్రవరం నుంచి పాపికొండల మీదుగా భద్రాచలం వెళ్ళే లాంచీలో రకరకాల జనం ఎక్కుతారు. లాంచీ దిగి పారిపోవడానికి వీల్లేదు కాబట్టి డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ కొన్నాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోక తప్పదు. ఆ నిర్బంధంలోంచే హాస్యం పుడుతుంది, ప్రేమా పుడుతుంది. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ అదే దారిన, అదే భద్రాచలానికి, ఈసారి ఓ పెళ్ళికి వెళ్తుంది. నాయకుడు శ్రీరామ్, నాయిక సీత. ముప్పై మూడేళ్ళ తర్వాత మరో దర్శకుడు అదే చట్రాన్ని, ప్రేక్షకుడు గుర్తుపడతాడనే ధీమాతో తిరిగి వాడుకున్నాడు. ఒక జానర్ ఉందనడానికి ఇంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు. సంఖ్య తక్కువన్నది నిజం. కానీ జానర్‌కు కావలసింది తిరిగి వాడుకోగల చట్రం. లెక్క ఆ తర్వాతి మాట.

ఇలాంటి తగవే వీడియో గేముల లోకంలోనూ ఉంది. నటులతో తీసిన వీడియోను వాడే ఆటలను ‘ఫుల్ మోషన్ వీడియో’ ఆటలంటారు. అది కూడా ముడిసరుకు పేరే, ఆడేవాడు ఏం చేస్తాడో చెప్పదు. 1994 నాటి ‘వింగ్ కమాండర్ 3’లో నటుల సన్నివేశాలున్నా అసలు ఆట అంతరిక్ష యుద్ధం. 2015 నాటి ‘హర్ స్టోరీ’లో మాత్రం పోలీసు విచారణ వీడియో ముక్కల్ని మాటలతో వెతకడమే ఆట, వీడియో లేకపోతే ఆడటానికి ఏమీ ఉండదు. అక్కడా జానర్ ఈ రెండో రకానికే చెందుతుంది.

మిగిలిన పెద్ద అభ్యంతరం దర్శకుడు వంశీ వైపు నుంచి వస్తుంది. పసలపూడి మనిషైన ఆయన తీసిన ‘లేడీస్ టైలర్’ (1986)లో లాంచీ యాత్ర లేదు, కానీ అంతకు మించిన గోదావరి ఎక్కడుందని అడుగుతారు. ఇక్కడ భూగోళం తోడొస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దిగువ డెల్టా కాలవల దేశమైంది. లాంచీల కథలు రాజమహేంద్రవరానికి ఎగువన జరుగుతాయి, వంశీ కథలు దిగువన కాలవగట్ల మీద జరుగుతాయి. ఒకే పేరు కింద రెండు వేరు ప్రపంచాలున్నాయి. రెండో ప్రపంచంలో మనల్ని పట్టేసేవి యాస, ఎటకారం, మర్యాదగా అంటూనే చురక పెట్టడం. ఇవన్నీ ధోరణి కిందికి వస్తాయి. ధోరణి ప్రయాణం చేయగలదు. నరసాపురంలో పుట్టిన జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’ను విశాఖలో నడిపారు, చురకలకు లోటు రాలేదు. సుకుమార్ ‘రంగస్థలం’ (2018) కోసం గోదావరి పల్లెను చాలావరకు హైదరాబాద్‌లో సెట్‌గా వేశారు, ప్రేక్షకులు దాన్ని గోదావరి సినిమాగానే చూశారు. స్థలం లేకుండా దొరికే లక్షణాన్ని స్థలం పేరుతో పిలిచినంత కాలం ఈ గందరగోళం తీరదు. అందుకే ఎగువ కథలను లాంచీ సినిమా అనీ, దిగువవాటిని డెల్టా హాస్యం అనీ విడిగా నమోదు చేయడం మేలు.

లాంచీ సినిమాకు ఆధారమైన దారి ఇప్పుడు తెగిపోయింది. 2021 జూన్‌లో పోలవరం ప్రాజెక్టు ఆనకట్ట దగ్గర గోదావరిని స్పిల్‌వే వైపు మళ్ళించారు. అందుకే పాపికొండల పడవలు ఆ ఆనకట్టకు ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర బయల్దేరుతున్నాయి. రాజమహేంద్రవరం రేవులో ఎక్కి భద్రాచలంలో దిగే కథను ఇక మీద తీయదలచినవాళ్ళు దాన్ని పాతకాలం కథగానే తీయాలి.