పాత్రలోని నీరు, సూది: కోసలాంధ్ర దేశాలలో మనోవిద్యాధ్యయనం

బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలోని రాజ్‌కిశోర్ నగర్‌లో నివసించే నాకు ఇరుగుపొరుగువారు తరచుగా వేసే ప్రశ్నలు శాసనాలకో, నాణేలకో సంబంధించినవి. ఇటీవల ఎదురైన ప్రశ్న అట్టిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉద్యోగరీత్యా ఈ ప్రాంతానికి వలస వచ్చిన ఒక తెలుగు కుటుంబానికి చెందిన విద్యార్థిని, మనశ్శాస్త్రంలో పట్టభద్రురాలు, నా వద్దకు వచ్చి ఇట్లా అడిగింది: "సార్, ట్రాన్స్‌పర్సనల్ సైకాలజీలో పీజీ చేద్దామనుకుంటున్నాను. మీరు తవ్వే విహారాల్లో భిక్షువులు నేర్చుకున్నది కూడా ఇదేనా? ఇది చదివితే మనిషి నిజంగా ఎదుగుతాడా?"

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లుగా విహారాల గదులను కొలుస్తూ, ఇటుకల పరిమాణాలు నమోదు చేస్తూ వచ్చాను. ఆ గదులలో కూర్చున్న మనిషి ఏమి అభ్యసించాడన్న ప్రశ్నను మాత్రం నా నివేదికలలో ఎన్నడూ సూటిగా ఎదుర్కోలేదు. ఆ లోపాన్ని కొంతవరకైనా పూరించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట ఆధునిక శాస్త్ర చరిత్రను సంగ్రహంగా చూద్దాం. వ్యక్త్యతీత మనశ్శాస్త్రం అని మనం తెలుగులో చెప్పుకోదగిన ఈ శాఖ 1960ల చివర అమెరికాలో రూపుదిద్దుకొన్నది. అబ్రహాం మాస్లో, ఆంథొనీ సుటిచ్, స్టానిస్లావ్ గ్రోఫ్ దాని ప్రథమ నిర్మాతలలో ముఖ్యులు. 1969లో దానికొక పత్రిక వెలిసింది. 1975లో రాబర్ట్ ఫ్రేజర్ కాలిఫోర్నియాలో ప్రత్యేక విద్యాసంస్థను స్థాపించాడు. అంతకు ముందే, 1968లో, వంగదేశీయుడైన హరిదాస్ చౌధురి శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రారంభించిన సంస్థ తరువాత సమగ్ర విద్యాధ్యయన కేంద్రంగా మారింది. 1974లో టిబెటన్ ఆచార్యుడు ఛోగ్యం త్రుంగ్‌పా కొలరాడోలో నరోపా పేరిట విద్యాలయాన్ని నెలకొల్పాడు. నలందతో సంబంధంగల సిద్ధాచార్యుని పేరు అమెరికా స్నాతకోత్తర పట్టాల మీదికి ఎక్కిన తీరు అది. బౌద్ధ, యోగ సంప్రదాయాల నుంచి ఈ శాఖ పొందిన ఋణం స్వల్పమైనది కాదు.

తెలుగుదేశంలో ఈ దిశగా జరిగిన ప్రయత్నానికి విశాఖపట్నం వేదిక. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తత్త్వశాస్త్రం అభ్యసించిన కోనేరు రామకృష్ణారావు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె. బి. రైన్ వద్ద పరిశోధన చేశాడు. అతీంద్రియ జ్ఞానాన్ని ప్రయోగశాలలో పరీక్షించడం రైన్ కార్యక్రమం: 5 గుర్తులుగల 25 చీట్ల కట్ట, ఊహించిన గుర్తుల లెక్క, ఆ లెక్క యాదృచ్ఛికతను మించిందా లేదా అన్న గణాంక విచారణ. స్వదేశానికి తిరిగివచ్చిన రామకృష్ణారావు 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరామనశ్శాస్త్ర విభాగాన్ని నెలకొల్పాడు. 1984 నుంచి 1987 వరకు అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశాడు. ఆ ప్రయోగ ఫలితాలను శాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు అంగీకరించలేదు. పునఃప్రయోగంలో అవి నిలకడగా లభించకపోవడం వారి ప్రధాన అభ్యంతరం. అయితే ఆయన కృషి అక్కడితో ఆగలేదు. తరువాతి దశాబ్దాలలో ఆయన చైతన్య విచారం వైపు, యోగ, వేదాంత, బౌద్ధ గ్రంథాల ఆధారంగా భారతీయ మనశ్శాస్త్రాన్ని నిర్మించడం వైపు మళ్లాడు. ఆనంద్ పరాంజపే, అజిత్ దలాల్‌లతో కలిసి 2008లో వెలువరించిన భారతీయ మనశ్శాస్త్ర సంగ్రహ గ్రంథం ఆ కృషికి ఫలం. 2021లో ఆయన కీర్తిశేషుడయ్యాడు.

ఆయనకు తత్త్వశాస్త్రం బోధించిన గురువు కొత్త సచ్చిదానందమూర్తి. 1971లో నాగార్జునునిపై గ్రంథం ప్రకటించిన పండితుడు. గురువు మాధ్యమిక తత్త్వాన్ని వివరించగా, శిష్యుడు చిత్తశక్తులను ప్రయోగశాలకు తెచ్చాడు. ఆ విశ్వవిద్యాలయానికి కొద్ది దూరంలోనే, భీమునిపట్నం దారిలో, సముద్రానికి ఎదురుగా తొట్లకొండ, బావికొండ విహారాలు ఉన్నాయి. రాష్ట్ర పురావస్తు శాఖ వాటిని వెలికి తీసినది కూడా 1980ల నుంచే. చిత్తాన్ని గురించిన రెండు విద్యాస్థానాలు, సుమారు రెండు వేల ఏళ్ల వ్యవధిలో, ఒకే తీరాన ఏర్పడ్డాయన్నమాట. ఈ రెండింటినీ కలిపి చదివిన పురావస్తు నివేదిక ఏదీ నా దృష్టికి రాలేదు. నేనూ అట్టిది వ్రాయలేదు.

ఇక నేనుంటున్న దేశం సంగతి. బిలాస్‌పూర్ ప్రాంతం ప్రాచీన దక్షిణ కోసలంలో భాగం. ఇక్కడికి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలోని మల్హార్‌లో బౌద్ధ శిల్పాలున్నాయి. మహానది ఒడ్డున సిర్‌పూర్‌లో, అనగా నాటి శ్రీపురంలో, ఎం. జి. దీక్షిత్ 1950లలో జరిపిన తవ్వకాలలో ఆనందప్రభుడనే భిక్షువు కట్టించిన విహారం శాసనంతో సహా బయల్పడింది. అది పాండువంశీయుడైన మహాశివగుప్త బాలార్జునుని ఏలుబడికి చెందినది. 7వ శతాబ్దిలో ఈ దేశానికి వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, కోసలంలో సుమారు నూరు సంఘారామాలు, పదివేలకు కొంత తక్కువగా భిక్షువులు ఉన్నట్లు, వారందరూ మహాయానం అభ్యసిస్తున్నట్లు వ్రాశాడు. అతడు చూచిన రాజధాని ఏదన్న విషయంలో భేదాభిప్రాయాలున్నాయి. కన్నింగ్‌హామ్ దానిని చాందాగా భావించాడు. సిర్‌పూరే అని తరువాతి వారిలో పలువురి అభిప్రాయం.

హ్యూయన్‌త్సాంగ్ కోసల వర్ణనలోనే మన ప్రశ్నకు పనికివచ్చే ఒక కథ ఉన్నది. నాగార్జునుడు ఇక్కడి సంఘారామంలో నివసిస్తుండగా సింహళం నుంచి దేవుడనే పండితుడు, అనగా ఆర్యదేవుడు, వాదార్థియై వచ్చాడు. నాగార్జునుడు మాట పలుకక ఒక పాత్ర నిండా నీరు నింపి శిష్యునిచేత పంపించాడు. దేవుడు కూడా మాట పలుకక ఆ నీటిలో ఒక సూదిని జారవిడిచాడు. నిండిన పాత్ర నాగార్జునుని జ్ఞానానికి గుర్తు. అడుగు ముట్టిన సూది, ఆ జ్ఞానపు లోతును చేరగల శిష్యుని బుద్ధికి గుర్తు. నాగార్జునుడు అతనిని లోనికి పిలిపించాడు. ఇది ఐతిహ్యమే కావచ్చు. కాని 7వ శతాబ్దిలో కోసలంలో ఉన్నత విద్యాప్రవేశం ఎట్లుండాలని జనం భావించారో అది చెబుతున్నది. గురువు తన జ్ఞానాన్ని విద్యార్థి ముందుంచాడు. విద్యార్థి ఆ జ్ఞానంతో తానేమి చేయగలడో చూపించాడు.

యాత్రికుడు కోసలం నుంచి దక్షిణంగా ఆంధ్రదేశానికి, అక్కడి నుంచి ధాన్యకటకానికి వెళ్లాడు. హ్యూయిలీ రచించిన జీవితచరిత్రను బట్టి, అతడు అక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల వద్ద కొన్ని నెలలు ఉండి మహాసాంఘికుల అభిధర్మం చదివాడు. వారు అతని వద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. అప్పటికే ప్రౌఢ పండితుడైన వ్యక్తి మరొక సంప్రదాయపు చిత్తవిశ్లేషణను నేర్చుకోవడానికి ఆగిపోవడం గమనార్హం. స్నాతకోత్తర విద్యకు తెలుగునేలపై ఇంతకన్న స్పష్టమైన ప్రాచీన ఉదాహరణ అరుదు.

ఆ విద్యలో బోధింపబడిన విషయం ఎట్టిది? కథావత్థు అట్ఠకథ ఆంధ్రక నికాయాలకు ఆరోపించిన సిద్ధాంతాలలో పెక్కు చిత్తానికి, ధ్యానానికి సంబంధించినవే. సకల ధర్మాలూ స్మృత్యుపస్థానాలే అనేది వానిలో ఒకటి. థేరవాదులు దానిని ఖండించారు: స్మృతికి విషయం కాదగినదంతా స్మృతియే అయితే అభ్యాసానికి అర్థమేమిటని వారి ఆక్షేపం. నేటి మనశ్శాస్త్ర తరగతిలో అవధానాన్ని గురించి జరిగే చర్చకు ఇది దూరమైనది కాదు.

బుద్ధఘోషుని విశుద్ధిమార్గం మరింత ఉపకరిస్తుంది. బుద్ధఘోషుని ఆంధ్రదేశీయునిగా నిరూపింప యత్నించిన పండితులున్నారు. ఆ వివాదం ఇక్కడ అవసరం లేదు. అతడు నలభై కర్మస్థానాలను చెప్పి, రాగ, ద్వేష, మోహ, శ్రద్ధా, బుద్ధి, వితర్క చరితులని మనుషులను ఆరు విధాలుగా విభజించి, ఎవరి స్వభావానికి తగిన కర్మస్థానాన్ని వారికి కల్యాణమిత్రుడు ఇవ్వాలన్నాడు. అందరికీ ఒకే పాఠ్యప్రణాళిక ఈ విద్యలో చెల్లదు.

పురావస్తు పరిశోధకునికి అత్యంత విలువైన భాగం మరొకటి. ధ్యానికి తగని విహారానికి పద్దెనిమిది దోషాలను బుద్ధఘోషుడు లెక్కించాడు. విహారం మరీ పెద్దది కారాదు, కొత్తది కారాదు, పనులు మిగిలి ఉంటాయి గనుక, శిథిలం కారాదు. దారి పక్కన ఉండరాదు. కొలను ఉంటే నీటికోసం జనం వస్తారు, చీవరాలకు రంగువేసుకొనేవారు వస్తారు. ప్రసిద్ధమైతే అక్కడి భిక్షువును అర్హతుడని తలచి భక్తులు మూగుతారు. నగరం, రేవు, పొలం, సరిహద్దు సమీపించినా దోషమే. ఈ కొలతతో చూస్తే శ్రీపుర విహారం రాజధానిలో ఉన్నది, ప్రసిద్ధమైనది, పెద్దది. తొట్లకొండ ఎత్తున ఏకాంతంగా ఉన్నా సముద్రమార్గానికి చేరువ. అంటే మనం తవ్విన పెద్ద విహారాలలో చాలా వరకు ధ్యానికి దోషయుక్తాలే. గ్రంథధురం, విపశ్యనాధురం అన్న రెండు బాధ్యతలలో ఇవి ప్రధానంగా మొదటిదానికి నెలవులై ఉండవచ్చు. రెండవదానికోసం భిక్షువు వేరొక చోటు వెదకుకొని ఉంటాడు. ఈ విభజనను పాటించక, దొరికిన ప్రతి గదినీ 'ధ్యానమందిరం' అని పర్యాటక ఫలకాల మీద వ్రాయడం చరిత్రకు న్యాయం కాదు.

శాసనాలు కూడా ఇదే చెబుతున్నాయి. అమరావతి, నాగార్జునకొండ శాసనాలలో వినయధరులు, ధర్మకథికులు, నికాయధరులు, నవకర్మికులు కనిపిస్తారు. ఫలానా భిక్షువు ఫలానా ధ్యానాన్ని సాధించాడని ప్రకటించే వాక్యాలను మాత్రం మనం చూడము. దీనికి కారణం వినయంలో ఉన్నది. లేని ఉత్తరమనుష్యధర్మాన్ని ఉన్నదని చెప్పుకోవడం నాలుగవ పారాజికం; అట్టివాడు భిక్షుత్వాన్నే కోల్పోతాడు. ఉన్నదానినైనా భిక్షువు కానివారికి ప్రకటించడం ప్రాయశ్చిత్తీయం. పిండోల భారద్వాజుడు ఋద్ధితో గాలిలోకి లేచి చందనపాత్రను తెచ్చినప్పుడు బుద్ధుడు మందలించి, గృహస్థుల ముందు ఋద్ధి ప్రదర్శనను నిషేధించాడు. బుద్ధఘోషుడు చెప్పిన పది పరిబోధాలలో, అనగా అడ్డంకులలో, గ్రంథం తొమ్మిదవది, ఋద్ధి పదవది. విపశ్యనకు ఋద్ధి ఆటంకమని అతని వివరణ. డ్యూక్‌లోను, విశాఖలోను కొలవబూనిన విషయాన్ని విహారం లేదని అనలేదు. దారిలోని భారంగా పరిగణించింది.

ఇందువల్ల మన పద్ధతికి ఒక హెచ్చరిక లభిస్తున్నది. శాసనాలలో సిద్ధి ప్రస్తావన లేదు గనుక సాధన లేదని తీర్మానించరాదు. ఆ మౌనం నియమబద్ధమైన మౌనం. మన సాక్ష్యాధారాలు ఎక్కడ ఆగిపోతాయో అక్కడ మన వాక్యమూ ఆగాలి.

వ్యక్త్యతీతం, వ్యక్తిత్వ వికాసం అనే మాటల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వ్యక్తిని దాటి విశాలతరమైన ఆత్మను చేరడమని కొందరు ఆధునికులు చెప్పేది, పుద్గలమే పరమార్థతః లభించదని చెప్పిన అభిధర్మానికి సమానం కాదు. ఒకటి సరిహద్దును పెంచుతుంది. రెండవది ఆ సరిహద్దు ఎట్లా కల్పితమైనదో పరీక్షిస్తుంది. శీలాన్ని విడిచి సమాధిని మాత్రమే పాఠ్యాంశంగా గ్రహించినప్పుడు మిగిలేది ఎంతవరకు బౌద్ధమన్న ప్రశ్నకు భిక్షువులే సమాధానం చెప్పాలి. ఆ ప్రశ్నను విశ్వవిద్యాలయాలు వినేటట్లు అడగడం వారి బాధ్యత కూడా.

వారం తరువాత ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది: చదువుకో. గణాంకం, ప్రయోగపద్ధతి శ్రద్ధగా నేర్చుకో. అవి సుభూతి, సూర్యులకు లేని సాధనాలు. పట్టా నీవు చదివిన గ్రంథానికి, నేర్చిన పద్ధతికి సాక్ష్యం చెబుతుంది. వినయధరుడన్న బిరుదు చెప్పినట్లే. నీవు ఎదిగావా లేదా అన్నది దానిపై వ్రాయరు. నాటి సంఘం కూడా దానిని రాతిమీద చెక్కించలేదు.

ఆమె కాసేపు ఆలోచించి, "అయితే అది ఎవరికి తెలుస్తుంది సార్?" అన్నది. కల్యాణమిత్రునికి కొంత తెలుస్తుందని బదులు చెప్పాను.

సహ పరిశోధకులకు నా విన్నపం ఒక్కటే. సిర్‌పూర్‌లోను, మల్హార్‌లోను, మన తీరాంధ్ర కొండల మీదను ఇకపై నివేదిక వ్రాసేటప్పుడు గది కొలతలతో పాటు దాని వెలుతురును, గాలిని, నీటి వసతి దూరాన్ని, బాటకూ ఊరికీ గల దూరాన్ని, నడవడానికి వీలైన జాగాను నమోదు చేయండి. ఆ పద్దెనిమిది దోషాల జాబితాను పక్కన ఉంచుకొని ప్రతి స్థలాన్నీ చూడండి. సుందరీకరణ పేరిట కొత్త బాటలు, కొత్త గోడలు వచ్చిన తరువాత ఈ వివరాలు మళ్లీ దొరకవు. నా పాత నివేదికలను ఈ దృష్టితో తిరిగి వ్రాయడం నేను మొదలుపెట్టాను.