సీజీఐ నుంచి మాడ్ పెర్ల్‌కు: పెర్ల్ వెబ్ స్క్రిప్టుల వలస చరిత్ర

తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలిలో గానీ, జిల్లా కేంద్రమైన గద్వాలలో గానీ మీరు మగ్గం దగ్గర కాసేపు కూర్చుని చూసి ఉంటే ఒక సంగతి గమనించే ఉంటారు. నేత మొదలుకాక ముందు చేయవలసిన పని చాలా ఉంటుంది. పడుగు తయారు చేయాలి, మగ్గానికి ఎక్కించాలి, పోగులను ఒక్కొక్కటిగా అచ్చులోంచి లాగాలి. ఇంత శ్రమపడి ఎక్కించిన పడుగు మీద ఒక్క చీరతో ఆగరు. వరుసగా కొన్ని చీరలు నేస్తారు. ప్రతి చీరకూ మగ్గాన్ని విప్పి మళ్లీ బిగించాలంటే ఏ నేతగాడికీ గిట్టుబాటు కాదు.

1990ల మధ్యలో వెబ్ సర్వర్లు చేసింది సరిగ్గా ఆ గిట్టుబాటు కాని పనే. అది ఎలా మొదలైందో, దాన్ని మార్చబోయినప్పుడు ఏం తేడా వచ్చిందో ఈ పాఠంలో చూద్దాం. మగ్గం పోలికను గుర్తుంచుకోండి, మధ్యలో మళ్లీ అవసరమవుతుంది.

1. ప్రతి అభ్యర్థనకూ కొత్త ప్రాసెస్

తొలినాటి వెబ్ సర్వర్ చేసే పని చాలా చిన్నది: అడిగిన ఫైలును తీసి పంపడం. పాఠకుడు ఏదైనా నింపి పంపితే, దాన్ని చూసి అప్పటికప్పుడు పేజీ తయారు చేయడం దానికి చేతకాదు. 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్ఏ సంస్థ సర్వర్ చుట్టూ కామన్ గేట్‌వే ఇంటర్‌ఫేస్, అంటే సీజీఐ, రూపుదిద్దుకుంది. ఏర్పాటు సులువైనది. అభ్యర్థన రాగానే సర్వర్ ఒక బయటి ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. అభ్యర్థన వివరాలను ఎన్విరాన్‌మెంట్ చలరాశుల ద్వారా అందిస్తుంది. ప్రోగ్రామ్ ముద్రించినదాన్ని పాఠకుడికి పంపుతుంది. ప్రోగ్రామ్ పని అయిపోగానే ఆ ప్రాసెస్ ముగిసిపోతుంది.

ఆ బయటి ప్రోగ్రామ్‌ను ఏ భాషలోనైనా రాయవచ్చు. అయినా ఎక్కువమంది పెర్ల్‌నే ఎంచుకున్నారు. లారీ వాల్ 1987 డిసెంబరులో విడుదల చేసిన ఈ భాష అక్షరాలను వెతకడంలో, కోయడంలో, అతకడంలో దిట్ట. వెబ్ పేజీ అంటే అక్షరాలే కదా! 1994లో పెర్ల్ 5 వచ్చింది. ఆపై లింకన్ స్టైన్ అనే జీవశాస్త్ర పరిశోధకుడు సీజీఐ.పీఎం అనే మాడ్యూల్ రాశారు. దానితో ఫారంలోని వివరాలను చదవడం రెండు మూడు వరుసల పనైపోయింది.

ఆ రోజుల్లో స్క్రిప్ట్ పనిచేయకపోతే తెరమీద కనిపించేది ఒక్కటే: '500' సంఖ్యతో సర్వర్ అంతర్గత లోపం అన్న సందేశం. అందులో కారణం ఉండదు. కారణం కావాలంటే సర్వర్ లోపాల లాగ్ ఫైలు తెరవాలి. తరచుగా దొరికే కారణాలు కూడా చిన్నవే. ఫైలుకు అమలు అనుమతి ఇవ్వకపోవడం, మొదటి వరుసలో పెర్ల్ ఉన్న చోటు తప్పు రాయడం, విండోస్‌లో రాసిన ఫైలును యూనిక్స్ సర్వర్‌కు పంపినప్పుడు వరుస చివర అదనపు గుర్తు మిగలడం, హెడర్ తర్వాత ఖాళీ వరుస వదలకపోవడం. వీటితో సాయంత్రాలు పోగొట్టుకోని వెబ్ ప్రోగ్రామర్ ఆ తరంలో అరుదు.

అసలు ఇబ్బంది వేగం. ప్రతి అభ్యర్థనకూ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త ప్రాసెస్‌ను పుట్టించాలి. అందులోకి పెర్ల్‌ను ఎక్కించాలి. పెర్ల్ స్క్రిప్టునూ మాడ్యూళ్లనూ మొదటినుంచీ చదివి కంపైల్ చేయాలి. డేటాబేస్ ఉంటే కొత్తగా అనుసంధానం కావాలి. అసలు పని క్షణంలో అయిపోయినా ఈ ముందస్తు ఏర్పాటు తప్పదు. పాఠకులు పెరిగేకొద్దీ సర్వర్ శక్తి అంతా పడుగు ఎక్కించడానికే సరిపోయేది.

2. అపాచీ లోపలికి పెర్ల్

1995లో వచ్చిన అపాచీ సర్వర్‌కు ఒక మంచి గుణం ఉంది: కొత్త మాడ్యూళ్లను దానిలోపలే అమర్చవచ్చు. 1996లో గిస్లే ఆస్ పెర్ల్‌ను అపాచీ లోపలికి చేర్చే తొలి ప్రయత్నం చేశారు. డగ్ మెకీచెర్న్ దాన్ని చేపట్టి పెంచారు. అదే మాడ్ పెర్ల్. ఇప్పుడు పెర్ల్ ఇంటర్‌ప్రెటర్ సర్వర్ ప్రాసెస్‌లోనే నివసిస్తుంది. అభ్యర్థనలు వస్తూ పోతూ ఉంటాయి, అది మాత్రం అక్కడే ఉంటుంది. ఇదే 1996లో ఓపెన్ మార్కెట్ అనే సంస్థ ఫాస్ట్ సీజీఐ పేరుతో ఇంకో దారి చూపింది. అందులో ప్రోగ్రామ్ సర్వర్ బయటే ఉంటుంది గానీ ఒక అభ్యర్థనతో ముగిసిపోదు.

అప్పటికే చాలామంది దగ్గర పాత సీజీఐ స్క్రిప్టులు గుట్టలుగా ఉన్నాయి. వాటిని తిరగరాయకుండానే నడపడానికి మాడ్ పెర్ల్‌లో అపాచీ రిజిస్ట్రీ అనే ఏర్పాటు ఉంది. అది స్క్రిప్టును మొదటిసారి చదివినప్పుడు మొత్తాన్నీ ఒక సబ్‌రొటీన్‌గా చుట్టి కంపైల్ చేసి దాచుకుంటుంది. తర్వాతి అభ్యర్థనలకు ఆ సబ్‌రొటీన్‌నే పిలుస్తుంది. ఫలితం వెంటనే కనిపించేది. అదే యంత్రం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ అభ్యర్థనలను తట్టుకునేది. స్లాష్‌డాట్ వంటి రద్దీ సైట్లు దీనిమీదే నడిచాయి.

3. మొదటి విద్యార్థి మార్కులు

ఇక్కడే ఈ పాఠానికి కీలకమైన సంగతి ఉంది. ఒక ఉదాహరణ ఊహించుకోండి. పరీక్షా ఫలితాలు చూపే పెర్ల్ స్క్రిప్ట్ ఒకటి. పై భాగంలో హాల్ టికెట్ సంఖ్యను 'మై' అన్న మాటతో ప్రకటించిన చలరాశిలో పెట్టుకుంటుంది. కింద 'చూపించు' అనే సబ్‌రొటీన్ ఆ చలరాశిని నేరుగా వాడుకొని మార్కులు ముద్రిస్తుంది. సీజీఐలో ఇది ఏళ్ల తరబడి తప్పు లేకుండా నడిచింది. దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా రిజిస్ట్రీ కిందికి తరలించారు.

రాజోలి నుంచి ఒక విద్యార్థిని తన సంఖ్య కొట్టి చూసుకుంది. సరైన మార్కులే వచ్చాయి. తర్వాత వనపర్తి నుంచి ఇంకొకరు తమ సంఖ్య కొట్టారు. తెరమీద రాజోలి అమ్మాయి మార్కులు కనిపించాయి!

ఎందుకు? స్క్రిప్ట్ మొత్తం ఇప్పుడు ఒక సబ్‌రొటీన్‌లో చుట్టి ఉంది. కాబట్టి 'చూపించు' అనేది సబ్‌రొటీన్ లోపలి సబ్‌రొటీన్ అయింది. పెర్ల్ నియమం ప్రకారం పేరున్న లోపలి సబ్‌రొటీన్ బయటి చలరాశికి ఒక్కసారే, మొదటి పిలుపులోనే ముడిపడుతుంది. రెండో పిలుపులో బయట కొత్త చలరాశి పుడుతుంది, లోపలిది మాత్రం పాతదాన్నే పట్టుకొని ఉంటుంది. ముందు చీర పోగు తర్వాతి చీరలోకి కలిసిపోయినట్టన్నమాట.

ఈ లోపం పరీక్షల్లో దొరక్కపోవడానికి కారణం తెలుసుకోండి. అపాచీ ఒకేసారి అనేక చైల్డ్ ప్రాసెస్‌లను నడుపుతుంది. ప్రతి చైల్డ్‌కూ తన సొంత 'మొదటి పిలుపు' ఉంటుంది. ప్రోగ్రామర్ నాలుగుసార్లు సరిచూస్తే ఆ నాలుగు అభ్యర్థనలూ నాలుగు వేరువేరు చైల్డ్‌లకు చేరి, నాలుగూ సరిగ్గానే రావచ్చు. రద్దీ పెరిగాక తప్పులు ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా దొంగాట ఆడతాయి. అందుకే అనుభవజ్ఞులు అపాచీని ఒకే ప్రాసెస్‌తో నడిపే పద్ధతిలో పెట్టి పరీక్షించేవారు. అప్పుడు రెండో అభ్యర్థనకే దొంగ దొరుకుతాడు. హెచ్చరికలు చూపమని పెర్ల్‌కు ముందే చెప్పి ఉంటే, ఆ చలరాశి ఉమ్మడిగా నిలవదని లోపాల లాగ్‌లో రాస్తుంది కూడా. పరిష్కారం చిన్నదే: హాల్ టికెట్ సంఖ్యను సబ్‌రొటీన్‌కు ఆర్గ్యుమెంటుగా అందించాలి.

ఇదే కుటుంబానికి చెందిన లోపాలు ఇంకా ఉన్నాయి. గ్లోబల్ చలరాశిలో పెట్టిన విలువ తర్వాతి అభ్యర్థనలోనూ అలాగే ఉంటుంది. తాళం వేసి తెరిచిన ఫైలును మూయడం మరిచిపోతే, సీజీఐలో ప్రాసెస్ ముగియగానే తాళం ఊడిపోయేది. ఇక్కడ ఊడదు, తర్వాతివారు దానికోసం ఎదురుచూస్తూ నిలిచిపోతారు. స్క్రిప్టును మారిస్తే రిజిస్ట్రీ గుర్తించి మళ్లీ కంపైల్ చేస్తుంది గానీ, అది వాడే మాడ్యూల్‌ను మారిస్తే సర్వర్‌ను పునఃప్రారంభించేదాకా పాత మాడ్యూలే నడుస్తుంది.

చాలా పుస్తకాలు ఈ లోపాలకు కారణం 'నిర్లక్ష్యంగా రాసిన పాత కోడ్' అని తేల్చేస్తాయి. అది పూర్తి న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ కోడ్ రాసినవారు సీజీఐ ఇచ్చిన హామీని నమ్ముకున్నారు. ప్రాసెస్ చావడమే అక్కడ శుభ్రత. సీజీఐని నెమ్మదిగా మార్చింది ఏదో, దాన్ని భద్రంగా ఉంచిందీ అదే. వేగం కోసం ఒకదాన్ని తీసేసినప్పుడు రెండోది కూడా పోయింది. ఆ హామీ ఎక్కడా రాసి లేదు గనుక, పోయిన సంగతి కూడా చాలామందికి ఆలస్యంగా తెలిసింది.

తిరగరాసే తీరిక లేనివారి కోసం మధ్యేమార్గంగా అపాచీ పెర్ల్‌రన్ ఉండేది. ఇంటర్‌ప్రెటర్ నిలిచే ఉంటుంది గానీ స్క్రిప్టును ప్రతిసారీ కొత్తగా కంపైల్ చేస్తుంది. వేగం కొంత తగ్గుతుంది, శుభ్రత కొంత దక్కుతుంది.

4. బరువైన సర్వర్, నెమ్మది మోడెం

భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. ఆనాటి కనెక్షన్ టెలిఫోన్ తీగ మీద మోడెంతో. పెర్ల్‌ను కడుపులో పెట్టుకున్న అపాచీ చైల్డ్ మెమరీలో చాలా బరువుగా ఉంటుంది. నెమ్మది మోడెం మీద ఉన్న పాఠకుడికి పేజీ చివరి అక్షరం చేరేదాకా ఆ బరువైన చైల్డ్ ఖాళీగా కాచుకొని ఉండాలి. అందుకని ముందు వరుసలో ఒక తేలికైన సర్వర్‌ను నిలబెట్టి, బరువైనదాన్ని వెనుక ఉంచే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఈ అమరికను మీరు నేటి సర్వర్లలోనూ చూడవచ్చు.

అందరూ వలస పోలేదు. 2001 జనవరి 15న మొదలైన వికీపీడియా యూజ్‌మాడ్ వికీ అనే పెర్ల్ సీజీఐ స్క్రిప్ట్ మీదే నడిచింది. అది పేజీలను మామూలు ఫైళ్లలో దాచేది. రద్దీ పెరిగాక ఆ స్క్రిప్టును సర్దలేదు. 2002 జనవరిలో మాగ్నస్ మాన్స్కే పీహెచ్‌పీలో రాసిన కొత్త ప్రోగ్రామ్‌కు మారిపోయారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యేనాటికి పెర్ల్ దశ ముగిసిపోయింది.

2009లో తత్సుహికో మియగావా పెర్ల్ కోసం పీఎస్‌జీఐ, ప్లాక్‌లను తెచ్చారు. దీనితో ఒకే ప్రోగ్రామ్‌ను సీజీఐగానూ, నిలకడ సర్వర్ మీదా నడపడం వీలైంది. 2015లో పెర్ల్ 5.22 నుంచి సీజీఐ.పీఎంను మూల పంపిణీలో ఇవ్వడం మానేశారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పై ఉదాహరణలోని ఫలితాల స్క్రిప్టును మూడు చైల్డ్ ప్రాసెస్‌లున్న అపాచీ మీద రిజిస్ట్రీ కింద నడిపారు. పది మంది విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు తమ హాల్ టికెట్ సంఖ్యలు కొట్టారు. మూడు చైల్డ్‌లకూ అభ్యర్థనలు అందాయనుకుంటే, ఎంతమందికి తమ సొంత మార్కులు కనిపిస్తాయి? అదే స్క్రిప్టును పెర్ల్‌రన్ కింద నడిపితే మీ జవాబు మారుతుందా? కారణం అయిదు వాక్యాల్లో రాయండి.