తుపాను లేని దేశమున తుపాను మాట

మన తీరపు జాలరి ‘తుపాను’ అనుదానిని మలయా జాలరి ‘తౌఫాన్’ అనును. రెండును అరబ్బీ భాషనుండి తూర్పు తీరములకు వ్యాపించిన ఒక్క మాటయే. అయితే మనకు మాటతోపాటు వస్తువును సంక్రమించినది. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనలో ఇంచుమించు ముప్పదివేలమంది గతించిరన్న స్మృతి ఆ మాటను నేటికిని అంటిపెట్టుకొని యున్నది. మలయాలో మాటయే కాని వస్తువు లేదు. విశాఖపట్టణ, శ్రీకాకుళ ప్రాంతములనుండి కూలికై పోయి, పెరాక్ రాష్ట్రపు దిగువభాగమున బాగన్ దాతో కొబ్బరితోటలలో స్థిరపడిన తెలుగువారు, కార్తికము వచ్చినదనిన గాలివానకు గుండెలు చేతబట్టుకొని కూర్చుండుట యెరిగినవారు, అక్కడ ఏండ్ల తరబడి ఒక్క చెట్టైనను తల విరుగక నిలుచుట చూచి కొంత తెరిపినపడియే యుందురు.

ఇందులకు హేతువు భూభ్రమణమునందున్నది. భూమి తిరుగుటచేత గాలికి కలుగు మలుపు భూమధ్యరేఖకడ శూన్యము. అచ్చట అల్పపీడన మేర్పడినను, గాలి పల్లమునకు నీరువలె తిన్నగా వచ్చి దానిని పూడ్చివేయునే కాని చుట్టుతిరిగి సుడిగా నిలువదు. కనుకనే ఆ రేఖకు ఇరువైపుల ఐదేసి డిగ్రీల మేర తుపాను పుట్టదని పాఠ్యగ్రంథములు ఎల్ల గీసినవి. మలేసియా భూభాగము ఇంచుమించు ఒకటవ, ఏడవ ఉత్తర అక్షాంశముల నడుమ ఒదిగియున్నది. ఉత్తరపు కొననున్న సబా రాష్ట్రమును సైతము ‘గాలికి దిగువనున్న దేశ’మనియే పిలిచిరి.

తుపానును రానీయని ఆ శూన్యమే వాతావరణ శాస్త్రజ్ఞుని చేతిలోని పనిముట్టును గూడ లాగికొనినది. ఈ విశేషమును చరిత్రకారులు తగినంతగా గమనింపలేదని నాకు తోచును. శీతలదేశములలో సమపీడన రేఖలను గీచినచో గాలి ఎటు వీచునో ఆ రేఖలే చెప్పును. మలయాలో పీడనపు తేడాలు అత్యల్పములు. ఉన్నవానికిని గాలి కట్టుబడదు. 1929లో ఏర్పడిన మలయా వాతావరణ శాఖకు సంక్రమించిన ఐరోపా విద్య యిక్కడ సగమునకు సగము చెల్లని నాణెము. గాలిని గాలిగానే కొలిచి, ఏ కేంద్రమున ఎటునుండి ఎటు వీచినదో బాణములుగా గుర్తించి, ఆ బాణముల వెంట ప్రవాహరేఖలను చేతితో దిద్దవలసివచ్చెను. ఎచ్చట రెండు ప్రవాహములు కలిసికొనునో అచ్చట వాన. సముద్రముమీద బాణములు లేవు. పటములో ఆ భాగమంతయు ఊహయే.

ఊహ తప్పినపుడు వచ్చునది గాలి కాదు, నీరు. 1926 డిసెంబరులో కెలంతాన్ రాష్ట్రమును ముంచిన వెల్లువను అక్కడివారు ‘బాహ్ ఆయిర్ మేరా’, అనగా ఎర్రనీటి వరద అనిరి. గోదావరికి క్రొత్తనీరు వచ్చినపుడు ఆ రంగును చూచిన మనవారికి ఈ పేరునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

సముద్రముమీది ఆ ఖాళీని పూరించుటకు జరిగిన మొదటి పెద్ద ప్రయత్నము 1978 డిసెంబరునాటి శీతకాల ఋతుపవన పరిశోధన. దాని నిర్వహణకు కౌలాలంపూరే కేంద్రము. సోవియట్ పరిశోధననౌకలు మూడు దక్షిణచైనా సముద్రమున త్రికోణముగా నిలిచి గాలిని కొలిచెను; సరవాక్ తీరమున బింతులు పట్టణమున ఒక రాడారును నెలకొల్పిరి; అంతకు ఇంచుమించు ఏడాదిన్నర ముందు, 1977 జూలైలో, జపాను పంపిన హిమవారి ఉపగ్రహము ముప్పదియారువేల కిలోమీటర్ల ఎత్తునుండి మేఘములను చిత్రించుచుండెను. అప్పుడు తేలిన సంగతి కడు ముచ్చటైనది. అర్ధరాత్రివేళ బోర్నియో నేలగాలి కడలిమీదికి వెడలి, ఈశాన్యపు గాలితో ఢీకొనును; ఆ ఢీకొన్నచోట చిన్నచిన్న మేఘములు పుట్టి, తెల్లవారునప్పటికి ఒక్కటిగా పెరిగి, ఆకసమున దాగలివలె విస్తరించి, మధ్యాహ్నమునకు కరగిపోవును. మరునాటి రాత్రి మరల అదే వరుస. ఉపగ్రహమునకు కనబడునది దాగలి పైభాగపు చలువ మాత్రమే. దాని క్రింద కుంభవృష్టియా, సన్నతుంపరా అన్నది రాడారు చెప్పవలసినదే.

అటుపిమ్మట గణకయంత్రములు వచ్చినవి. ఆకాశమును గళ్లుగా విభజించి, ప్రతి గడిలోని గాలి, తేమ, వేడిమి రేపెట్లుండునో లెక్కకట్టుట వాని పని. ఉష్ణమండలపు మేఘము పలుమార్లు గడికన్న చిన్నది. వలకన్నులలోనుండి చిరుచేప జారినట్లు లెక్కలోనుండి జారిపోవును. 2014 డిసెంబరులో కెలంతాన్ మొదలుగాగల రాష్ట్రములలో రెండు లక్షలకు మించిన జనము ఇండ్లు విడిచిరి. 2021 డిసెంబరులో ఒక వాయుగుండము తూర్పుతీరమును దాటివచ్చి, కౌలాలంపూరు పరిసరములలో ఒక్క దినమున నెలవానను కురిపించి, ఏబదిమందికి పైగా పొట్టనబెట్టుకొన్నది. అప్పటికి పది నిమిషముల కొకమారు చిత్రమునిచ్చు హిమవారి-8 ఆకసమున నుండనే యున్నది.

గాలి కథ వేరు. 1996 డిసెంబరు 26న ‘గ్రెగ్’ అను తుపాను, పడమటికి నడచు తోటి తుపానులకు విరుద్ధముగా తూర్పుదిక్కుగా నడచి, గాలికి దిగువదేశమని పేరుపడిన సబాను కొట్టెను. కెనింగావ్ ప్రాంతమున ప్రధానముగా, రెండువందలకు మించిన ప్రాణములు పోయినవి. ఐనను పాఠ్యగ్రంథములోని ఎల్ల చెరగలేదు. 2000 సంవత్సరమునుండి పశ్చిమ పసిఫిక్ తుపానులకు ఆ ప్రాంతపు దేశములిచ్చిన పేర్లను పెట్టునపుడు, మలేసియావారును తమ పనసపండు పేర ‘నంగ్కా’ అనియు, మల్లెపూవు పేర ‘మెలోర్’ అనియు ఉదారముగా ఒసగిరి. ఇరుగుపొరుగువారి గాలికి పెట్టుటకే కదా!

2001 డిసెంబరున చైనానుండి చలిగాలి విడువక వీచి, దక్షిణచైనా సముద్రపు ఇరుకుకొనలో దూరినది. బోర్నియో తీరమున ఏటేట తిరుగు సుడి అప్పుడే కడలిమీదికి జరిగి యుండెను. గాలి దానిని చుట్టుకొనినది. 27వ తేదీన, ఇంచుమించు ఒకటిన్నర డిగ్రీ అక్షాంశమున, ఉపగ్రహచిత్రములలో నిండు తుపాను కనబడెను. అందు చిక్కిన అమెరికా నౌకలు సెకనుకు 39 మీటర్ల నిలుకడ గాలిని నమోదు చేసినవి. అమెరికావారు దానిని టైఫూన్ అనిరి, జపానువారు అంతకు తక్కువ స్థాయిలోనే నిలిపిరి. మకావు ఇచ్చిన ‘వమేయి’ అను పాటపిట్ట పేరు దానికి వంతు వచ్చెను. అది ఆనాడే జోహోరు ఆగ్నేయభాగమున తీరము దాటెను. గునుంగ్ పులాయి కొండచరియలు విరిగి ఐదుగురు మరణించిరి. తరువాత సుమత్రాను దాటి, నీరసించి, మరల కొంత బలము పుంజుకొని, ఆ యేడు ముగియుచుండగా బంగాళాఖాతమున ప్రవేశించినది.