బంక దిగితేనే పట్టు

గూటి నుంచి తీసిన ముడి పట్టుపోగు గరుకుగా, మసకగా, బిరుసుగా ఉంటుంది. లోపల జంటగా సాగే ఫైబ్రాయిన్ పోగులు, వాటిని అంటిపెట్టుకుని సెరిసిన్ అనే బంక. రెండూ ప్రొటీన్లే, అంటే అమైనో ఆమ్లాలు గొలుసు కట్టిన పాలిమర్లే. బరువులో సుమారు నాలుగో వంతు బంకదే. ఈ రెంటినీ విడదీయడంతోనే ధర్మవరంలో అద్దకం పని మొదలవుతుంది.

పద్దెనిమిదో శతాబ్దం చివర టిప్పు సుల్తాన్ మైసూరు రాజ్యంలో పట్టుపురుగుల పెంపకాన్ని ప్రోత్సహించాడు. ఆ సీమను ఆనుకునే హిందూపురం ఉంది. గూళ్ల మార్కెట్టు హిందూపురంలో, మగ్గాలు ధర్మవరంలో. నడుమ దారిలో పెనుకొండ, చెన్నేకొత్తపల్లి. పదహారో శతాబ్దపు లేపాక్షి గుడి పైకప్పు చిత్రాల్లోని బట్టల అంచులు ఇప్పటికీ ధర్మవరం చీరలకు నమూనాలు.

బంక మొదట పనికొచ్చేదే. వేడినీళ్లలో అది కొంత మెత్తబడితేనే దాదాపు కిలోమీటరు పొడవున్న పోగు గూటి నుంచి ఊడివస్తుంది. మళ్లీ ఆ బంకే నాలుగైదు గూళ్ల పోగులను ఒకటిగా అతికిస్తుంది, పురి వేసేటప్పుడు దారాన్ని కాపాడుతుంది. దాని అవసరం అక్కడితో సరి. పురి వేసిన చిలపలను కర్రలకు తగిలించి, సబ్బు, సోడా కలిపిన మరిగే నీళ్లలో తిప్పుతారు. సెరిసిన్ ఉబ్బి, జెల్లీలా మారి, కరిగిపోతుంది. ఉడుకు చాలకపోతే రంగు మచ్చలు మచ్చలుగా ఎక్కుతుంది. ఎక్కువైతే ఫైబ్రాయినే తెగి నూగు లేస్తుంది. కిలో ముడిపట్టు ముప్పావు కిలోకు దిగుతుంది. ఈ తరుగు పూడ్చుకోడానికి పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా వ్యాపారులు పట్టుకు తగరపు లవణాలు పట్టించారు. తూకం నిలిచింది గానీ, బట్ట చిట్లిపోయేది.

ఈ బంక నుంచే 1865లో ఎమిల్ క్రామర్ సెరీన్ అనే అమైనో ఆమ్లాన్ని వేరుచేశాడు. అయితే సెరిసిన్, ఫైబ్రాయిన్ లాంటి పెద్ద అణువులను పరిమాణాన్ని బట్టి జెల్‌తో విడదీసే ఉపాయం చాలా ఆలస్యంగా వచ్చింది. 1959లో ఉప్సాలాలో యెర్కర్ పోరాత్, పెర్ ఫ్లోడిన్ సూక్ష్మరంధ్రాలున్న డెక్స్‌ట్రాన్ జెల్ పూసలను గొట్టంలో నింపి, ద్రావణాన్ని పోశారు. జాతరలో పిల్లలు ప్రతి అంగట్లోనూ దూరి ఆలస్యం చేసినట్టు చిన్న అణువులు రంధ్రాల్లోకి వెళ్లి వెనకబడతాయి. లోపలికి పట్టని పెద్దవి ముందే బయటపడతాయి. 1964లో జాన్ మూర్ పాలీస్టైరీన్ పూసలతో ఇదే పద్ధతిని కృత్రిమ పాలిమర్లకు వర్తింపజేశాడు.

ఉడుకు సరిపోయిందా, ఎక్కువైందా అని గంగాళం దగ్గర చేతితో తడిమి తేల్చుకునే తేడా, విద్యుత్తుతో ప్రొటీన్లను పరిమాణం వారీగా గీతలుగా విడదీసే జెల్ పలక మీద కంటికి కనబడుతుంది. ఫైబ్రాయిన్ పెద్ద గొలుసు బరువు సుమారు 3,90,000 డాల్టన్లు, చిన్నది 26,000. సోడాలో ఎక్కువసేపు ఉడికిన నమూనాలో గీతకు బదులు పొడవాటి మరక సాగుతుంది, గొలుసులు ముక్కలైనట్టు. ఇలా విడదీసే జెల్ లోపలి రంధ్రాల వలను చూడాలంటే నమూనాను క్షణంలో గడ్డకట్టించి, విరిచి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెడతారు. నెమ్మదిగా గడ్డకడితే మంచు స్ఫటికాలే రంధ్రాలను తోసి పెంచుతాయి; అప్పుడు కనిపించే వల మంచు చేసినదే.

ఉడికిన నీళ్లతో పాటు కాలువపాలయ్యే సెరిసిన్‌కు ఇప్పుడు సౌందర్య సాధనాల్లో గిరాకీ ఉంది. రంధ్రాల పొరల గుండా వడకడితే నీరు, లవణాలు దాటిపోయి బంక మిగులుతుంది. సబ్బు కలిసిన నీళ్లలో ఈ పని కష్టం. సబ్బు లేకుండా, ఒత్తిడిలో 120 డిగ్రీల నీటితో ఉడికిస్తే శుద్ధమైన బంక దొరుకుతుంది.