వదిలేసిన కనుమ

పానిపట్టు, ప్లాసీ, బక్సర్ యుద్ధాల తేదీలు బడిలో అందరం బట్టీ పట్టాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల కొండదారుల్లో నడిచిన యుద్ధాల ఊసు మాత్రం ఎవరూ చెప్పలేదు. 18వ శతాబ్దంలో దక్షిణాది రాజ్యాల తలరాత మారిన చోట్లలో ఇదీ ఒకటని నా గట్టి నమ్మకం.

ఈ మూడు ఊళ్లూ మైసూరు పీఠభూమి తూర్పు అంచున ఉన్నాయి. కింద చిత్తూరు, వేలూరు, ఆర్కాటు మైదానం. పైన కోలారు, బెంగళూరు. పైవాడు దిగాలన్నా, కిందవాడు ఎక్కాలన్నా కొన్ని కనుమలే దిక్కు. ఉత్తరాన దామలచెరువు, నడుమ పలమనేరు దగ్గర మొగిలి, దక్షిణాన ఆంబూరు నుంచి వి.కోట వైపు ఎక్కే నాయకనేరి. ఫిరంగులు లాగే ఎడ్లకు వేరే దారి లేదు. అందుకే ఇక్కడ ఎవరి సేన పెద్దదన్నది కాదు, ఎవరు ఏ కనుమను వదిలేశారన్నదే గెలుపోటములు తేల్చింది.

1740 మే నెలలో రఘూజీ భోంస్లే మరాఠా సేనతో ఆర్కాటు మీదికి వచ్చాడు. నవాబు దోస్త్ అలీ దామలచెరువు కనుమను బిగించి కూర్చున్నాడు. పక్కనున్న మరో దారిని ఒక స్థానిక నాయకుడి కాపలాకు వదిలాడు. ఆ నాయకుడు దారి ఇచ్చేశాడు. వెనకనుంచి వస్తున్న గుర్రపుదండును చూసి నవాబు కొడుకు సఫ్దర్ అలీ సాయం వస్తున్నాడని ఆయన మనుషులు అనుకున్నారట. తేరుకునేసరికి మరాఠాలు మీద పడ్డారు. మే 20న నవాబు, మరో కొడుకు హసన్ అలీ ఆ పోరులోనే చనిపోయారు. మామిడి మార్కెట్టుకు పేరుపడిన నేటి దామలచెరువు దగ్గరే ఒక రాజ్యం నడుం విరిగింది. మరుసటి ఏడు తిరుచిరాపల్లిలో నవాబు అల్లుడు చందాసాహెబు మరాఠాలకు చిక్కాడు. ఆర్కాటు గద్దె కోసం మొదలైన కొట్లాటలో ఫ్రెంచివారూ ఇంగ్లీషువారూ తలదూర్చారు. తర్వాతి కథ అందరికీ తెలిసిందే.

మొదటి మైసూరు యుద్ధంలో, 1768లో, ఇంగ్లీషు కల్నల్ క్యాంప్‌బెల్ వి.కోటను, ముళబాగిలును, కోలారును పట్టాడు. ముళబాగిలును మైసూరు ఏలిక హైదర్ అలీ తిరిగి చేజిక్కించుకున్నాడు. దాన్ని విడిపించబోయిన కల్నల్ వుడ్ అక్టోబరు 4న హైదర్ సేన నడుమ ఇరుక్కుపోయాడు. అప్పుడు గాయపడి సామాను కాపలాలో ఉన్న కెప్టెన్ బ్రూక్ రెండు ఫిరంగులను ఒక బండ మీదికి లాగించి, పేల్చి, “స్మిత్! స్మిత్!” అని తన మనుషుల చేత కేకలు పెట్టించాడు. మరో ఇంగ్లీషు సేనాని స్మిత్ బలగం వచ్చిందనుకుని మైసూరువాళ్లు జంకారు. ఆ కాసేపట్లో వుడ్ సర్దుకున్నాడు.

1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయునిపేట శిబిరంలో హైదర్ అలీ కన్నుమూశాడు. మలబారు వైపున్న కొడుకు టిపు వచ్చేదాకా సైన్యానికి ఆ మాట పొక్కనివ్వలేదు. శవాన్ని ఖజానా పెట్టెలాగా కోలారుకు పంపారు.

ఇక 1791. దామలచెరువు పాఠం ఈసారి తిరగబడి టిపుకే తగిలింది. ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ ఫిబ్రవరిలో వేలూరు చేరి, ఆంబూరు వైపు కదులుతున్నట్టు కనిపించాడు. టిపు ఆ దక్షిణపు కనుమలను కాయడానికి పరుగుతీశాడు. ఇంగ్లీషుసేన ఒక్కసారిగా ఉత్తరానికి తిరిగి, చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కింది. పెద్ద ఫిరంగులు పైకి చేరేదాకా అడ్డుకున్నవాడు లేడు. మార్చి 21 రాత్రి బెంగళూరు కోట పడిపోయింది. అయితే ఎక్కినంత తేలికగా నిలవలేకపోయారు. మే నెలలో శ్రీరంగపట్నం ముంగిట మేత లేక, రోగాలు తగిలి ఎడ్లు కుప్పలుగా చచ్చాయి. లాగే పశువు లేక కారన్‌వాలిస్ తన ముట్టడి ఫిరంగులను తానే ధ్వంసం చేయించి వెనుదిరిగాడు. సైన్యానికి జరిగిన ఈ ఘోరాన్ని మన చరిత్రకారులు ఒక వాక్యంలో దాటేస్తారు. మా ప్రాంతపు యుద్ధాలకు ఎద్దే ప్రాణమని నేను దీన్నిబట్టే అంటాను.

అదే ఏడాది మదనపల్లెకు దగ్గర్లోని గుర్రంకొండను నిజాం సేన ముట్టడించింది. ఇంగ్లీషు ఫిరంగుల సాయంతో నవంబరులో కిందికోట చిక్కింది. పైకోట లొంగలేదు. డిసెంబరులో టిపు పెద్దకొడుకు ఫతే హైదర్ మెరుపులా వచ్చి కిందికోటనూ తిరిగి పట్టాడు. నిజాం తరఫు నాయకుడు హఫీజ్ ఫరీదుద్దీన్ ప్రాణం పోయింది. తుదకు గుర్రంకొండ ఒప్పందంలో కాగితం మీదే నిజాం వాటాకు వచ్చింది. 1800లో నిజాం దాన్ని ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు.

కనుమలను తరతరాలుగా కాసింది పాళెగాళ్లు, వాళ్ల కట్టుబడి బంట్లు. కొత్త దొరలకు పన్ను కట్టడం దగ్గర వాళ్లకు పేచీ వచ్చింది. చిత్తూరు పాళెగాళ్లు 1804లో తిరగబడ్డారు. కంపెనీ సేనను దింపి, 1805 కల్లా వాళ్లను అణిచేసింది.