బుగతల ఇంటి నోటు

గుంటలూ, మంట దగ్గరికి జరగండి. వేగావతి మీంచి గాలి కొడుతోంది.

బొబ్బిలంటే 1757 నాటి యుద్ధమూ, తాండ్ర పాపారాయుడూ, గొల్లపల్లి వీణలూ. అవన్నీ మీరు విన్నవే. ఇవాళ మనింటి సంగతి చెబుతాను.

మీ బడి పుస్తకంలో బానిసల ఓడలున్నాయి కదా. మన తీరం నుంచీ పోయాయి. భీమునిపట్నంలో కోట కట్టుకున్న డచ్చివాళ్లే, కరువు రోజుల్లో కోరమాండల్ రేవుల్లో మనుషుల్ని కొని బటేవియాకి పట్టుకుపోయారు. ఇక్కడి పెద్ద జమీందారీ ఇళ్లల్లో ఆడపాపలుండేవారు. దొరసానుల సేవలోనే వాళ్ల బతుకు తెల్లారేది, పెళ్లి చేసుకునే వీల్లేదు. 1843 చట్టంతో బానిస మీద హక్కుందంటే కోర్టు ఒప్పుకోవడం మానేసింది. తరవాత మనిషిని అమ్మడమూ నేరమైంది. మరి మనిషి అప్పు పడితే? అక్కడే మనలాంటి భూమున్న బుగతలకి దారి దొరికింది. అప్పు కింద చాకిరీ చేయించుకోవడాన్ని కొండల్లో గోతి అన్నారు, పల్లంలో కంబారితనం.

మనింటి కంబారి తండ్రి, కూతురి పెళ్లికని మా తాత దగ్గర నూట యాభై రూపాయలు తీసుకున్నాడు. తీరేదాకా కొడుకు మనింట్లో ఉండాలని నోటు. పదేళ్లకే వచ్చాడు. కోడి కూయకముందే సాలలో పేడ ఎత్తాలి, ఎడ్లకి కుడితి పెట్టాలి, నాగలి మోసుకుని పొలానికి పోవాలి. చోడంబలి తాగేవాడు, పశువుల పక్కనే పడుకునేవాడు. ఏడాదికిచ్చే గింజల్లో వడ్డీ పట్టుకునేవారు. జ్వరమొచ్చి రాకపోతే ఆ రోజు నాగా కింద అప్పులో కలిపేవారు. లెక్క రాసేది మా తాత, తరవాత మా నాన్న. అతనికి చదువు రాదు.

నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా 'ఒరే' అనే పిలిచాను. ఇప్పుడు అతను అంటున్నాను, అప్పుడా మాట నా నోట రాలేదు. నా పలకా సంచీ బడి గుమ్మం దాకా మోసేవాడు, అక్కణ్నించి వెనక్కి తిరిగి పశువుల దగ్గరికి పోయేవాడు. లోపలికి ఒక్కసారి తొంగి చూసేవాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే.

కొండ ఏజెన్సీలో ఈ అప్పు వెట్టి కూడదని 1940లోనే శాసనం వచ్చింది. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. మన భోషాణంలో నోటు మాత్రం అలాగే ఉంది. 1975 అక్టోబరు 25 నుంచి వెట్టిచాకిరీ రద్దు చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది, మరుసటేడు చట్టమైంది. ఆ పాత అప్పులేవీ కట్టక్కర్లేదన్నారు. మా నాన్న పేపర్లో చదివాడు. నేనూ చదివాను. ఇద్దరం అతనికి చెప్పలేదు. ఇంకో రెండేళ్లు మన పొలమే దున్నాడు. ఊళ్లోకొచ్చిన కూలీ సంఘం కుర్రాళ్లు చదివి వినిపిస్తే అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం ఎడ్లని కట్టేసి, నాగలి గోడకి ఆనించి వెళ్లిపోయాడు. ఒక్క మాటన్లేదు.

ఆ నోటు నేను చింపలేదు. మీరు చూడాలనే ఉంచాను. రేపు భోషాణం తీస్తాను. అతని తండ్రి వేలిముద్ర ఇంకా చెరగలేదు.